కోర్లు ఎనిమిదా, నాలుగా: 6678, 6670 చిప్పుల పోలిక

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసిన ఈ రెండు సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్పుల్లోనూ ఉన్నది సి66ఎక్స్ అనే కోరే (లెక్కలు చేసే భాగం). 6678లో ఎనిమిది, 6670లో నాలుగు. అంకె చూడగానే మనసు మొదటిదాని వైపే లాగుతుంది. కానీ పని మొబైల్ బేస్ స్టేషన్‌దైతే తొందరపడకండి. టర్బో డీకోడింగ్‌కి, విటర్బీకి (రెండూ అందిన సిగ్నల్‌లో తప్పులు సరిదిద్దే పద్ధతులు), ఎఫ్ఎఫ్‌టీకి (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) 6670లో విడిగా హార్డ్‌వేర్ బ్లాకులున్నాయి. ఆ చాకిరీ కోర్ల నెత్తిన పడదు. 6678లో అయితే అంతా కోడ్‌తోనే లాగాలి.

ఫ్యాక్టరీ కెమెరా బొమ్మల్లో లోపాలు పట్టడానికి మాత్రం నా ఓటు 6678కే. బొమ్మను ఎనిమిది పట్టీలుగా కోసి కోర్‌కొకటి పంచేయొచ్చు. చిప్పులోనే ఉండే వేగవంతమైన మెమరీ, అంటే సొంత ఎల్2, కోర్‌కు 512 కేబీనే (6670లో 1 ఎంబీ), కోర్లన్నిటికీ ఉమ్మడిది మాత్రం 4 ఎంబీ. అన్నట్టు, ఫిల్టర్ వేసేటప్పుడు ప్రతి చుక్కకూ చుట్టుపక్కల చుక్కలు కావాలి కాబట్టి పక్క పట్టీ అంచు వరుసలు కూడా ఇవ్వాలి. మరిచారో, అతుకుల దగ్గర గీతలు తేలతాయి.