బెర్లిన్ వస్తే ఏ వీధి తిరగాలి: రిక్స్‌డోర్ఫా, వెడ్డింగా?

బెర్లిన్ వస్తున్నాం, బ్రాండెన్‌బర్గ్ గేటు, గోడ, అలెగ్జాండర్‌ప్లాట్జ్ ఎలాగూ చూసేస్తాం, అవి కాకుండా మామూలు జనం ఉండే వీధి ఏదైనా ఒకటి చెప్పు అని ఈ ఎండాకాలం నన్ను చాలామందే అడిగారు. మ్యూనిక్ నుంచో డ్రెస్డెన్ నుంచో వీకెండ్‌కి వచ్చే స్టూడెంట్లు కొందరు, ఊరి నుంచి అమ్మానాన్నల్ని పిలిపించుకున్నవాళ్ళు కొందరు. అందరికీ రెండే చెప్తా, ఒకటి నోయ్‌కోల్న్ పేటలో రిషార్డ్‌స్ట్రాసె (స్ట్రాసె అంటే వీధి), అంటే పాత రిక్స్‌డోర్ఫ్, రెండోది వెడ్డింగ్‌లో ఆఫ్రికా పేర్లున్న వీధులు. చెప్పీ చెప్పగానే "రెండిట్లో ఏది మేలు?" అంటారు. మే నెలలో మా అమ్మ వచ్చినప్పుడు వారం తేడాతో రెండూ తిప్పా, కాబట్టి ఇప్పుడు కాస్త గట్టిగానే చెప్పగలను.

నేను ఉండేది వెడ్డింగ్‌లోనే, ఐదేళ్ళయింది, ఆ పేటంటే నాకు ప్రాణం. అయినా ఒక్క పూటే టైముంటే రిక్స్‌డోర్ఫ్‌కే పొమ్మంటా. ఎందుకో చెప్తా.

ముందు వెడ్డింగ్ సంగతి. యూ6 మెట్రో లైనులో రేబెర్గె స్టాపులోనో ఆఫ్రికానిషే స్ట్రాసె స్టాపులోనో దిగితే టోగో, కామెరూన్, ఒటావి, ఇలా ఇరవైకి పైగా వీధులకి ఆఫ్రికా పేర్లు కనిపిస్తాయి. మొదటి రెండు పేర్లు 1899లో పెట్టారు, జర్మనీ ఆఫ్రికాలో వలస రాజ్యాలు పెట్టుకుని గర్వంగా చెప్పుకుంటున్న రోజులు అవి. అందులో ఒక వీధికి ల్యూడెరిట్జ్ అనే బ్రెమెన్ పొగాకు వ్యాపారి పేరుండేది. ఆయన 1883లో ఇప్పటి నమీబియాలో నామా అనే తెగ పెద్ద దగ్గర సముద్రం ఒడ్డున భూమి కొన్నాడు, కాగితం మీద ఇన్ని మైళ్ళు అని రాయించాడు. అమ్మినాయనకి తెలిసిన మైలు ఇంగ్లీషు మైలు, అంటే 1.6 కిలోమీటర్లు. సంతకం అయ్యాక ఈయన తీసిన లెక్క జర్మన్ మైలు, దాదాపు 7.5 కిలోమీటర్లు. ఆ వీధి మలుపులో నిలబడి మా అమ్మకి ఇదంతా చెప్తే ఆవిడ వెంటనే "గొలుసు మార్చేశాడన్నమాట" అంది. మా ఊళ్ళో పొలం సర్వేకి గొలుసు పట్టుకునేవాళ్ళు, అందులో లింకులు తేడా చేసి గట్టు జరిపేశారని తగువులు పడిన ఇళ్ళు ఆవిడకి నాలుగైదు తెలుసు. నేను పది నిమిషాలు చెప్పిందాన్ని ఆవిడ మూడు మాటల్లో తేల్చేసింది.

2022 డిసెంబర్‌లో ఆ వీధికి కొర్నేలియస్ ఫ్రెడెరిక్స్ పేరు పెట్టారు, జర్మన్ల మీద తిరగబడిన నామా నాయకుడాయన, 1907లో షార్క్ ఐలండ్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. అదే రోజు పక్కనున్న నాఖ్టిగాల్ప్లాట్జ్ అనే కూడలికి మంగా బెల్ పేరొచ్చింది, డువాలా ప్రజల రాజు, ఆయన్ని 1914లో కామెరూన్‌లో జర్మన్లే ఉరితీశారు. ఇంత కథ ఉంది ఆ నాలుగు సందుల్లో.

కానీ కథంతా బోర్డు మీదే ఉంది. అక్కడ నుంచుని చూస్తే మీ కంటికి కనిపించేది స్తంభానికి ఒక పేరు, దానెనక నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్లు, కిందొక డ్రైవింగ్ స్కూలు, ఒక బేకరీ, లైనుగా పెట్టిన కార్లు. తెలిసినవాళ్ళు పక్కనుండి చెప్తే ఒళ్ళు జలదరిస్తుంది, చెప్పేవాళ్ళు లేకపోతే పది నిమిషాల్లో ఫోన్ తీస్తారు. ఆర్కిటెక్చర్ పిచ్చి ఉంటే ఆఫ్రికానిషే స్ట్రాసెలో మీస్ ఫాన్ డెర్ రోహె 1926-27లో కట్టిన ఇళ్ళున్నాయి, కొంచెం అవతల షిల్లర్‌పార్క్ కాలనీ ఉంది, బ్రూనో టౌట్ డిజైన్, 2008లో యునెస్కో లిస్టులోకెక్కింది. ఇవి కూడా, నిజం చెప్పాలంటే, తెలిసి చూస్తేనే గొప్ప, తెలీకపోతే శుభ్రమైన క్వార్టర్స్.

వెడ్డింగ్‌లో ఎవరూ చెప్పకుండానే మా అమ్మని ఆపేసింది ఒకే ఒక్కటి. ముల్లర్‌స్ట్రాసె పక్క సందులో నడుస్తుంటే ఫుట్‌పాత్ రాళ్ళ మధ్య అరచేయంత ఇత్తడి పలక మెరిసింది. బెర్లిన్‌లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, నాజీలు పట్టుకెళ్ళినవాళ్ళు చివరగా తమ ఇష్టప్రకారం ఉన్న ఇంటి ముందు వేసే పలక అది, "ఇక్కడ నివసించారు" అని మొదలై పేరు, పుట్టిన సంవత్సరం, ఎక్కడికి తీసుకెళ్ళారో, ఏమయ్యారో ఉంటుంది. అమ్మకి జర్మన్ రాదు. అక్షరాలున్నాయని మాత్రం చూసి టక్కున కాలు పక్కకి తీసింది, అక్షరం మీద కాలు పెట్టకూడదు కదా. తర్వాత నేను చదివి చెప్పాక అక్కడే నిలబడిపోయింది.

ఇప్పుడు రిక్స్‌డోర్ఫ్. యూ7లో కార్ల్ మార్క్స్ స్ట్రాసె దగ్గర దిగండి. పైకి రాగానే మామూలు నోయ్‌కోల్న్, ఫోన్ షాపులు, డ్యోనర్ కబాబ్ కొట్లు, హారన్లు. అక్కడ్నించి ఐదు నిమిషాలు లోపలికి నడిస్తే చప్పుడు ఆగిపోతుంది, ఇది నేను ఎన్నిసార్లు వెళ్ళినా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది. గుండ్రాళ్ళు పరిచిన దారి, ఒకట్రెండు అంతస్తుల ఇళ్ళు, మధ్యలో చెట్లు, రిషార్డ్‌ప్లాట్జ్ నడిమధ్యన ఒక కమ్మరి కొలిమి, 1600ల నుంచి ఉన్నదే.

1737లో బొహీమియా నుంచి, అంటే ఇప్పటి చెక్ దేశం నుంచి, తమ మతం వదులుకోలేక పారిపోయి వచ్చిన 18 కుటుంబాలకి ప్రష్యా రాజు మొదటి ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ ఇక్కడ ఇళ్ళూ భూములూ ఇచ్చాడు. ఊళ్ళో అప్పటికే జర్మన్ రైతులున్నారు, వీళ్ళొచ్చాక పక్కనే ఇంకో ఊరు లేచింది, జర్మన్ రిక్స్‌డోర్ఫ్ ఒకటి, బొహీమియన్ రిక్స్‌డోర్ఫ్ ఒకటి, 1874 దాకా రెండూ వేరువేరే. 1912లో ఊరి పేరు నోయ్‌కోల్న్‌గా మార్చేశారు, రిక్స్‌డోర్ఫ్ అంటే తాగుడు, డాన్సుల ఊరని చెడ్డపేరు పడిపోయిందని.

ఇదంతా నేను చెప్పకముందే మా అమ్మ సగం పట్టేసింది. రిషార్డ్‌స్ట్రాసెలో ఒక ఇంటి పక్కన పెద్ద చెక్క గేటు సగం తెరిచి ఉంది. ఇల్లేమో చిన్నది, గేటు మాత్రం ఇద్దరు మనుషుల ఎత్తు. అమ్మ ఆగి, గేటు వెడల్పు చేత్తో చూపించి "ఇది బండి పట్టడానికి పెట్టింది, ఎనక దొడ్డి ఉంటుంది చూడు" అంది. తొంగి చూస్తే నిజంగానే వెనకంతా పొడుగ్గా ఖాళీ స్థలం, చివర్లో ఇటుకల కొట్టం, కొట్టం గోడకి సైకిళ్ళు ఆనించి ఉన్నాయి. 1849లో పెద్ద మంటలొచ్చి ఇళ్ళు చాలా కాలిపోయాయి, మళ్ళీ కట్టుకున్నారు, కానీ ముందు ఇల్లు, పక్కన బండి దారి, వెనక దొడ్డి అనే లెక్క అలాగే ఉండిపోయింది. వ్యవసాయం ఎరిగిన మనిషికి ఆ వీధి గురించి ఏ భాషలోనూ చెప్పక్కర్లేదు.

నా లెక్కలో తేల్చేది ఇదే. గైడు, ఫోన్, నాలాంటివాడు ఎవరూ లేకుండా ఆ వీధి తన సంగతి తాను చెప్పుకోగలదా లేదా. రిక్స్‌డోర్ఫ్ చెప్పుకుంటుంది.

ఆ దొడ్ల వెనక వైపు కిర్ష్‌గాసె అని సన్నటి సందుంది, చెక్ భాషలో దాని పాత పేరుకి చిన్న సందు అనే అర్థం. అందులో 1753 నాటి బడి ఇల్లుంది, గోడ మీద పానపాత్ర బొమ్మ చెక్కి ఉంటుంది, వాళ్ళ విశ్వాసానికి గుర్తు. దగ్గర్లోనే ఆ రాజు విగ్రహం, 1912లో వాళ్ళ వారసులే కృతజ్ఞతగా పెట్టించారు. ఇక శ్మశానం తప్పకుండా చూడండి, అక్కడ కొన్ని పాత రాళ్ళ మీద రాత చెక్ భాషలో ఉంది. మా అబ్బాయి తెలుగు మాట్లాడతాడు, చదవడం ఇంకా రాలేదు. ఆ రాళ్ళ ముందు నేను చాలాసేపు నిలబడ్డా, ఊరు వదిలొచ్చి జర్మన్ ఊళ్ళో బతికి ఆఖరి మాట మాత్రం సొంత భాషలో రాయించుకున్నారు, దీని గురించి ఇంతకన్నా ఏం రాయాలో తెలీట్లేదు.

రిక్స్‌డోర్ఫ్‌తో ఇబ్బందుల్లేవా అంటే ఉన్నాయి. గుండ్రాళ్ళ మీద మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కష్టం, అమ్మ రెండుసార్లు బెంచీ చూసుకుని కూర్చుంది, చంటిపిల్లల బండి అయితే చక్రాలు ఎగిరెగిరి పడతాయి. చిన్నది కూడా, గబగబా తిరిగితే అరగంటలో అయిపోతుంది. వెడ్డింగ్ ఫుట్‌పాత్‌లు వెడల్పు, నున్నగా ఉంటాయి, కాళ్ళు నొప్పెడితే పక్కనే రేబెర్గె పార్కు, లోపల జింకలు. తిండి కూడా ముల్లర్‌స్ట్రాసెలోనే చవక. కానీ మీరొచ్చేది వీకెండ్‌కి, ఆదివారం జర్మనీలో కొట్లు మూసేస్తారు, ముల్లర్‌స్ట్రాసె అందమంతా కొట్లూ కొనేవాళ్ళే కాబట్టి ఆ రోజు షటర్లు తప్ప ఏమీ మిగలవు. ఒకసారి ఫ్రెండ్స్‌ని ఆదివారం తీసుకెళ్ళి, వాళ్ళ మొహాలు చూసి నాకే బాధేసింది. రిక్స్‌డోర్ఫ్‌కి కొట్లతో పన్లేదు, ఆదివారం పొద్దున ఇంకా బాగుంటుంది.

మొయాబిట్ అనే ఇంకో పేటలో టుర్మ్‌స్ట్రాసె ఎలా ఉంటుందని కూడా అడుగుతున్నారు. అక్కడ 1891 నాటి మార్కెట్ హాలు ఉంది, బావుంటుంది, ఇప్పుడు ఎం10 ట్రామ్ కూడా వెళ్తుంది, టైము మిగిలితే ఒక గంట. ఫ్రీడెనౌ పేట ప్రశాంతంగా ఉంటుంది, అంతే.

డిసెంబర్‌లో వచ్చేవాళ్ళు రెండో అడ్వెంట్ వీకెండ్, అంటే క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాల్లో రెండోది పడే వీకెండ్ చూసుకోండి, రిషార్డ్‌ప్లాట్జ్‌లో క్రిస్మస్ మార్కెట్ ఆ రెండు మూడు రోజులే పెడతారు, జనం బాగా ఉంటారు కాబట్టి వీధి చూడాలనుకుంటే మధ్యాహ్నం చీకటి పడకముందే వెళ్ళండి.

అమ్మానాన్నలతో వస్తే నేను చేసినట్టే చేయండి. పొద్దున్నే యూ7లో బ్లాష్కోఆలీ దిగి మురుగన్ గుడికి వెళ్ళండి, తమిళులు కట్టుకున్న గుడి, మనవాళ్ళు కూడా బాగానే వస్తారు. దర్శనం అయ్యాక అదే లైనులో వెనక్కి మూడు స్టాపులు వస్తే కార్ల్ మార్క్స్ స్ట్రాసె. ఎటు నడవాలో పెద్దవాళ్ళకే వదిలేయండి, మీరు వెనక నడవండి. గేట్లు తెరిచి ఉంటే వాళ్ళే ఆగుతారు, కానీ లోపల జనం కాపురం ఉంటున్నారు, బయట నుంచే చూడండి, ఫోటో తీయాలంటే అడిగి తీయండి. మేం తొంగి చూసినప్పుడు దొడ్లోంచి ఒక పెద్దాయన చూసి చెయ్యి ఊపాడు, అమ్మ నమస్కారం పెట్టింది.