బరోసాలో రెండు రోజులు: వ్యాన్ టూర్ డబ్బు దండగ, పాత తోట మాత్రం బంగారం

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి, వైన్ తోటల లోయ బరోసా వ్యాలీ చూడాలనుకునేవాళ్లకు ముందే చెబుతున్నా. మీలో తాగనివాళ్లు ఒక్కరున్నా సరే, వైన్ టూర్ వ్యాన్ ఎక్కకండి.

మేం మనిషికి 195 డాలర్ల చొప్పున ముగ్గురికి 585 కట్టి ఎక్కాం. నాన్న మందు ముట్టడు. ఆ సంగతి బుక్ చేసేటప్పుడే రాశాను. పర్వాలేదు, ఆయనకు జ్యూస్ ఇస్తాం అన్నారు. టికెట్ మాత్రం పూర్తిగా తీసుకున్నారు, జ్యూస్ ఎక్కడా కనబడలేదు. మూడు వైనరీల్లోనూ నాన్న గోడ పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏమన్నా అంటే నా మనసు నొచ్చుకుంటుందని ఏమీ అనలేదు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

పొద్దున 40 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. ఆ 40 నిమిషాలూ మా టైమ్‌లోంచే కోశారు. లోయంతా కనిపించే మెంగ్లర్ హిల్ మీద ఏడు నిమిషాలు ఆపారు, అంతే. రెండో వైనరీలో గ్లాసు అడుగు తడిసేంత పోసి, అది గొంతు దిగకముందే ఆర్డర్ ఫారం చేతిలో పెట్టారు. ఆరు సీసాల పెట్టె 390 డాలర్లట.

నాకు ఒళ్లు మండింది వీటికి కూడా కాదు. మావారు ఆరు నెలలుగా గ్రాంజ్, గ్రాంజ్ అని కలవరిస్తున్నారు. కొత్త సీసానే దాదాపు 1000 డాలర్లు, ఆస్ట్రేలియాలో అంత పేరున్న రెడ్ వైన్ ఇంకోటి లేదు. డ్రైవర్ రోడ్డు పక్కన ఒక తోట దగ్గర వ్యాన్ ఆపి, గ్రాంజ్ మొత్తం ఈ ఒక్క తోట ద్రాక్షతోనే చేస్తారన్నాడు. మావారు ఫొటోల మీద ఫొటోలు తీసుకున్నారు. అది పచ్చి అబద్ధం. గ్రాంజ్ ఒక తోట వైన్ కానే కాదు. బరోసా షిరాజ్ ద్రాక్షదే పెద్ద వాటా అయినా, మెక్‌లారెన్ వేల్ లాంటి వేరే చోట్ల పళ్లూ కలుపుతారు. ఏ ఏడు ఏ తోటవి బాగుంటే అవి. అలా కలపడంలోనే దాని గొప్పతనమంతా ఉంది. రాత్రి హోటల్లో ఇది చదివాక మావారి ముఖం వాడిపోయింది.

మర్నాడు 84 డాలర్లకు కారు అద్దెకు తీసుకున్నాం. ముందు మాగిల్ వెళ్లాం. అడిలైడ్ ఊరి అంచునే ఉన్న, గ్రాంజ్ చేసే పెన్‌ఫోల్డ్స్ కంపెనీ వాళ్ల ఈ ఎస్టేట్‌లోనే వాళ్ల వైన్‌మేకర్ మాక్స్ షూబర్ట్ 1951లో మొదటి గ్రాంజ్ చేశాడు. రుచి చూసిన కంపెనీ పెద్దలకు నచ్చలేదు. 1957లో కంపెనీ ఆపేయమంది. ఆయన ఆపకుండా మూడేళ్లు రహస్యంగా చేసి దాచాడు. పాత సీసాల్లోని వైన్ నిల్వతో రుచి తేలాక వాళ్లే మనసు మార్చుకుని 1960లో మళ్లీ మొదలుపెట్టమన్నారు. ఆ పాత రాతి గోడల మధ్య తిరిగాక మావారు మామూలు మనిషయ్యారు.

అక్కణ్నుంచి బరోసాకు గంటంపావు. డ్రైవింగ్ నాదే, చుక్క ముట్టలేదు. టనండా దగ్గర ఒక చిన్న కుటుంబ వైనరీలో ఆగాం. టేస్టింగ్ 20 డాలర్లు, సీసా కొంటే ఆ 20 తగ్గిస్తారు. నాన్నకూ నాకూ పైసా తీసుకోలేదు. పైగా నాన్న కిటికీలోంచి తోటకేసి చూస్తుంటే ఆ ఇంటావిడే, చూస్తారా అని అడిగింది.

తోటలోకి దిగేముందు ఒక ట్రేలోని మందునీళ్లలో బూట్లు ముంచమంది. ఫైలోక్సెరా అని ద్రాక్ష వేరును తినే పేను ఉంది, అది బూట్ల మట్టితో లోపలికి రాకుండా. 19వ శతాబ్దంలో యూరప్ తోటల్ని నాశనం చేసిందదే. దక్షిణ ఆస్ట్రేలియాలోకి ఇప్పటికీ రాలేదు. అందుకే ఇక్కడ 1843లో నాటిన షిరాజ్ తీగలు కూడా వేరే వేళ్లకు అంటు కట్టకుండా సొంత వేళ్ల మీదే ఇంకా కాస్తున్నాయి. ఆమె తోటకు నూరేళ్లు దాటాయి.

పందిరి లేదు. నడుమెత్తు కూడా లేని నల్లటి మొద్దులు. ఒకటి మెలితిరిగి నడిమికి చీలిపోయింది, చీలికలోంచి అవతలి మట్టి కనిపిస్తోంది. ఒక పక్క బెరడు ఎండి రాలిపోతుంటే, రెండో పక్క నుంచి లేచిన కొమ్మకు చిన్న చిన్న నల్లటి గుత్తులు. నాన్న దాని మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

మేడ్చల్ దగ్గర మాకు రెండెకరాల అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పందిరి ఉండేది. బోర్లు ఎండిపోయాక నాన్నే దగ్గరుండి కొట్టించాడు. 1980ల్లో ఇక్కడా ప్రభుత్వమే డబ్బులిచ్చి ఎన్నో పాత తోటలు పీకించిందని ఆమె చెబితే, నేను తెలుగులో చెప్పాను.

"మరి వీళ్లెట్ల ఉంచుకున్నరు బిడ్డా?" అన్నాడు.

వాళ్ల మామగారు ఒప్పుకోలేదట. మొద్దుకు రెండు మూడు కిలోలకు మించి రాకపోయినా, ఆ పండు చిక్కదనం లేత తీగకు రాదని మొండికేశాడట. నాన్న తలూపి, ఒక్క పండు అడిగి నోట్లో వేసుకున్నాడు. గింజ కూడా నమిలాడు.

సీసా 45 డాలర్లు. రెండు కొన్నాం. బయటికొచ్చేటప్పుడు ఎవరూ చెప్పకుండానే నాన్న మళ్లీ ఆ ట్రే దగ్గర ఆగి, ఒక్కో బూటూ మెల్లగా ముంచి తీశాడు.