మూడేళ్ల వాడకం తరువాత: పానాకు చోటు వదలని జన్యు అల్గారిదం

డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నడిచే జన్యు అల్గారిదం ప్లగిన్‌ను విశాఖపట్నం ఆటోనగర్‌లోని మా చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో మూడేళ్లుగా వాడుతున్నాను. మనం చెప్పిన లెక్కన ఎక్కువ మార్కులు తెచ్చుకున్న నమూనాలను ఏరి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి (సంకరం), అక్కడక్కడా యాదృచ్ఛికంగా మార్చి (ఉత్పరివర్తన), తరం తరువాత తరంగా మెరుగైన డిజైనును వెతకడమే దీని పని; ఇక నన్ను తిప్పలు పెట్టిన సంగతి దగ్గరికే వస్తాను.

చేపల రేవులోని మరపడవల క్యాబిన్ కప్పు మీద సోలార్ పలకను పట్టి ఉంచే స్టెయిన్‌లెస్ స్టీలు స్టాండు కోసం, బరువు తగ్గాలి, గాలికి వంగకూడదు అన్న రెండింటికే మార్కులు పెట్టి, తరానికి 60 నమూనాల చొప్పున 200 తరాలు నడిపించాను. ఒక్కో నమూనా బలం లెక్కగట్టడానికి 20 సెకన్లు పట్టడంతో దాదాపు మూడు రోజులు గడిచాయి. 4.2 కిలోల స్టాండు 2.9 కిలోలకు దిగింది. నేను పొంగిపోయి, 2006లో నాసా ప్రయోగించిన ఎస్‌టీ-5 ఉపగ్రహాలకు ఈ కోవ పద్ధతిలోనే పుట్టిన వంకర తీగ యాంటెన్నా గురించి షాపులో అందరికీ చెప్పాను.

లేజర్ కటింగ్ నుంచి స్టాండు తాలూకు స్టీలు పలకలు వచ్చిన రోజున మా ఫిట్టరు ఎం8 బోల్టును రంధ్రంలో పెట్టి, 13 నంబరు పానాను నాలుగు వైపుల నుంచీ దూర్చి చూసి, "బోల్టయితే కూకుంది బాబూ, పానా ఎలాగ తిప్పమంటారు?" అన్నారు. బోల్టు నడిమి నుంచి పక్క పలకకు ఉన్నది 9 మిల్లీమీటర్లే. బిగించేది మనిషి చెయ్యి అన్న సంగతికి నేను మార్కులు పెట్టలేదు, అల్గారిదమూ పట్టించుకోలేదు. పైగా రెండు పలకల మధ్య ఉప్పునీరు నిలిచే సందు ఒకటి ఏర్పడింది; స్టెయిన్‌లెస్ అయినా సరే, సముద్రం మీద తుప్పు మొదలయ్యేది అలాంటి సందుల్లోనే.

పానా తిరిగే జాగాను, నీరు జారే వాలును చేర్చి మళ్లీ నడిపితే బరువు 3.4 కిలోలకు పెరిగింది గానీ, 14 బోల్టులు 9 అయ్యాయి. మూడు పలకలను ఒకే బోల్టు కింద చేర్చిన ఆ అమరిక నాకైతే ఎన్నడూ తట్టేది కాదు.

నేను గొప్పగా చెప్పుకొన్న బరువు తగ్గింపులో కొంత, నిజానికి నా పాత డిజైనులోని అనవసరపు మందమేనని తరువాత ఒప్పుకోవలసి వచ్చింది. ఒకే స్టాండు నలభై, యాభై చేసే మాకు ఆ మూడు రోజులు గిట్టుబాటయ్యాయి. ఒక్కో గేటు ఒక్కో కొలతతో చేసే పొరుగు షాపుకు మాత్రం కొనమని చెప్పలేను. ఇప్పుడు మార్కుల సూత్రం రాసేటప్పుడు ఫిట్టరుగారిని పక్కనే కూర్చోబెట్టుకుంటున్నాను. కొత్త స్టాండుకు వెల్డింగు రాడ్డు పట్టే కోణం కూడా ఆయనే రాయించారు.