ఎసెన్షియల్ ఆయిల్స్ కాంబో కొనేవాళ్లకి హెచ్చరిక

నిద్ర పట్టడం లేదని మా అక్క ఆన్‌లైన్‌లో ఎసెన్షియల్ ఆయిల్స్ (మొక్కల నుంచి తీసే గాఢమైన సువాసన నూనెలు) కాంబో తెప్పించుకుంది. లావెండర్, గులాబీ, చందనం, టీ ట్రీ, పిప్పర్‌మింట్, నీలగిరి. లోపలి కాగితంలో రాసినట్టే లావెండర్ రెండు చుక్కలు నేరుగా మెడకి రాసుకుని పడుకుంది. తెల్లారేసరికి రాసినంత మేరా కందిపోయి దద్దుర్లు. స్కిన్ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సి వచ్చింది.

ఆ తర్వాత సీసాలు నేను దగ్గర పెట్టుకుని చూశాను. ఆరింటికీ ఒకటే ధర! కిలో గులాబీ నూనె తీయాలంటే టన్నుల కొద్దీ రేకులు కావాలి. పిప్పర్‌మింట్ ధరకి అసలు గులాబీ నూనె ఎవరిస్తారు? లావెండర్ చుక్క ఒకటి తెల్ల కాగితం మీద వేస్తే మర్నాటికి కూడా నూనె మరక అలాగే ఉంది. స్వచ్ఛమైన లావెండర్ దాదాపు మొత్తం ఆవిరైపోతుంది. (చందనం, వట్టివేరు లాంటి చిక్కటి నూనెలకి ఈ పరీక్ష పనికిరాదు.) సీసా మీద మొక్క శాస్త్రీయ నామం లేదు, బ్యాచ్ నంబర్ లేదు, తయారీదారు చిరునామా లేదు. ఉన్నదల్లా "100% ప్యూర్" అన్న మాట.

డబ్బు పోతే పోయింది. నన్ను వణికించింది ఆ కాగితంలోని ఇంకో వాక్యం: జలుబు చేస్తే పిల్లలకి గోరువెచ్చని నీళ్లలో నీలగిరి చుక్కలు కలిపి తాగించమని! దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. నీలగిరి తైలంలో ఎక్కువ భాగం సినియోల్ అనే రసాయనం. కొద్ది మిల్లీలీటర్లు కడుపులోకి వెళ్లినా చిన్నపిల్లలు మగతగా అయిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. కర్పూరం నూనె కూడా అంతే. మూర్ఛ ఉన్నవాళ్లు ఈ రెండూ పీల్చడానికి, రాసుకోవడానికి కూడా ముందు డాక్టర్‌ని అడగాలి.

అరోమాథెరపీ (ఇలాంటి నూనెల వాసనతో చేసే చికిత్స) అంతా బూటకమని నేననడం లేదు. వాసన ముక్కులోని నరాల ద్వారా మెదడులో భావోద్వేగాలు, జ్ఞాపకాలు చూసుకునే భాగాలకి చేరుతుంది. మంచి లావెండర్ వాసనకి మనసు కుదుటపడేవాళ్లున్నారు. కానీ అది వాసన వరకే. ఒంటికి రాయాలంటే కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో బాగా పలుచన చేయాలి, ముందు ముంజేతి మీద కొంచెం రాసి ఒక రోజు చూడాలి. బెర్గమాట్ (ఒక నిమ్మజాతి పండు), నిమ్మ నూనెలు రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టవుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే టీ ట్రీ జోలికే వెళ్లొద్దు. పిల్లి కాలేయం ఆ నూనెని సరిగ్గా అరిగించుకోలేదు.

అమ్మినవాళ్లని అడిగితే "సీల్ తీశాక రిటర్న్ లేదు" అన్నారు. ఫొటోలతో పెట్టిన నా రివ్యూ కూడా ఇప్పుడు కనిపించడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు చేశాను. ఇలాంటి కాంబో కొన్నవాళ్లు మీరూ చేయండి. బిల్లు, సీసా, ఆ కాగితం పారేయకండి.

సీసాలు పిల్లలకి అందని చోట తాళం వేసి పెట్టండి. ఎవరైనా మింగితే వాంతి చేయించొద్దు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి.