అరకు ఘాట్‌లో ట్రైలర్ లాగడానికి ఫార్చ్యూనర్ 2.8 ఆటోమేటిక్

ఈ టయోటా బండి ఇంజిన్‌ది 204 పీఎస్ పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం (మాన్యువల్ గేర్ల బండికి 420). చిన్న కారవాన్ ట్రైలర్ తగిలించినా హైవే మీద బండికి లెక్కే లేదు. అసలు పరీక్ష శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కాకే. గేర్ లివర్‌ను డీ (డ్రైవ్)లో వదిలేస్తే ఎక్కుడులో గేర్లు మాటిమాటికీ మారి గేర్‌బాక్స్ ఆయిల్ కాగిపోతుంది. గేరు మనమే ఎంచుకునే ఎస్‌లోకి తెచ్చి 3 లేదా 2 గేరు పట్టించాలి. దిగేటప్పుడూ అంతే, లేకపోతే బ్రేకు ప్యాడ్లు కమురు వాసన కొడతాయి. మలుపుల్లో స్టీరింగ్ బరువు మాత్రం చేతులు నొప్పెట్టిస్తుంది.

పికప్ చచ్చిందా? ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పించే ముందు ట్రైలర్ చక్రాలను జాక్ మీద లేపి చేత్తో తిప్పండి. మన విశాఖ ఉప్పుగాలికి బ్రేక్ కేబుల్ తుప్పుపట్టి బ్రేక్ షూలు చక్రాన్ని పట్టేస్తాయి. బండి ఆపగానే ఒక్క హబ్ (చక్రం మధ్య భాగం) మాత్రమే కాలిపోతుంటే దొంగ దొరికినట్టే. తర్వాత ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లు ఉన్నాయేమో చూడండి. అవి బాగుంటే ఇంటర్‌కూలర్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలిని చల్లబరిచేది) పైపు చూడండి: క్లిప్పు దగ్గర ఆయిల్ తడి, యాక్సిలరేటర్ తొక్కగానే ఉస్సుమనే చప్పుడు, వెనక నల్లపొగ ఉంటే టర్బో గాలి అక్కడే పోతోంది. చాలాసార్లు క్లిప్పు మారిస్తే సరిపోతుంది, టర్బో మార్చాలన్న మెకానిక్ మాట వెంటనే నమ్మొద్దు.

సామాను ట్రైలర్ వెనక భాగంలో కుక్కొద్దు. మొత్తం బరువులో సుమారు పదో వంతు హుక్ మీద పడకపోతే స్పీడులో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది.