ఏడేళ్లుగా నా దగ్గరున్న ‘చివరకు మిగిలేది’

బుచ్చిబాబు రాసిన ఈ నవలను 2018లో ఆబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో కొన్నాను. ఇప్పటికి మూడుసార్లు చదివాను. మొదటిసారి నలభై పేజీల దగ్గర ఆపేసి ఏడాదిపాటు ముట్టుకోలేదు. కథ కదలదు. కథానాయకుడు దయానిధి ఆలోచిస్తాడు, మళ్లీ ఆలోచిస్తాడు. అమీర్‌పేటలో మెట్రో మారే తొందరలో ఇది ఎక్కదు. ఇంట్లో అందరూ పడుకున్నాక రోజుకు ఐదారు పేజీలు చదవడం మొదలుపెట్టాకే పట్టుకుంది.

దయానిధి డాక్టరు. తల్లి గురించి లోకం అనుకునే మాటలు అతన్ని వదలవు. నాకు తగిలింది అక్కడే. నాన్న వెళ్లిపోయాక అమ్మ ఒక్కతే ఉద్యోగం చేసి మమ్మల్ని పెంచింది. నైట్ షిఫ్టు చేసి ఆఫీసు బండి దిగుతుంటే మా సందులో వాళ్లు ఏమనేవాళ్లో నాకు పదేళ్లకే తెలుసు. వాళ్ల మీద రావాల్సిన కోపం నాకు అమ్మ మీద వచ్చేది. పేరెంట్స్ మీటింగ్ ఉందని చెప్పకుండా దాచేవాణ్ణి. అలా చేయడం తప్పని ఈ నవల ఎక్కడా చెప్పదు. కానీ రెండోసారి చదువుతున్నప్పుడు, తల్లి ప్రస్తావన వస్తే దయానిధి లోపల్లోపల ముడుచుకుపోవడం చూసి ఇక చదవలేకపోయాను. ఆ మీటింగ్ కాగితాలు గుర్తొచ్చాయి. తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

కొన్నిచోట్ల పాత్రలు మాట్లాడుకుంటున్నట్టు ఉండదు, వ్యాసం చదువుతున్నట్టు ఉంటుంది. దయానిధి జీవితంలోని స్త్రీలు కోమలిని, అమృతాన్ని, ఇందిరను ఎక్కువగా అతని కళ్లతోనే చూస్తాం. అమృతం మనసులో మాట ఇంకొంచెం వినాలని నాకు ఇప్పటికీ ఉంది.

బుచ్చిబాబు దీనికి మొదట అనుకున్న పేరు ‘ఏకాంతం’. మూడోసారి ఆ పేరు తలుచుకుంటూ చదివాను. అంతకుముందు అతని ఒంటరితనం లోకం వేసిన శిక్షలా అనిపించేది. ఈసారి అందులో అతను వెతుక్కున్న చోటు కూడా కనిపించింది.

పోయిన నెల పుస్తకం అమ్మకిచ్చాను. మధ్యాహ్నాలు కళ్లజోడు పెట్టుకుని చదువుతోంది. మొన్న తలెత్తి, “వీడు వాళ్లమ్మ బతికుండగా ఒక్కసారైనా పక్కన కూర్చుని అడిగాడా నాన్నా?” అంది.

“ముందుకు చదువమ్మా” అని అక్కడే కూర్చున్నాను.