అమ్మ మోకాళ్లు, గ్రెనోబుల్ ట్రామ్: నాలుగేళ్ల తర్వాత నా మాట

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ వచ్చి నాలుగేళ్లయింది. ఇక్కడ చదువుకో ఉద్యోగానికో వచ్చే మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: ఎలా రావాలి, వచ్చాక కారు కొనాలా? ఇన్నాళ్లూ ఠక్కున చెప్పేదాన్ని, ట్రామ్ ఉంది, కారు దండగ అని. పోయిన ఏప్రిల్‌లో అమ్మ వచ్చాక అదే మాట ఇంకా గట్టిగా చెప్పాను. మే 1 తర్వాత కాస్త గొంతు తగ్గించాను.

ముందు రావడం సంగతి. ఊరి పేరుతో ఒక ఎయిర్‌పోర్టు ఉంది, దాన్ని మర్చిపోండి. ఊరికి 40 కిలోమీటర్ల దూరం, పైగా చలికాలంలో స్కీయింగ్‌కి వచ్చేవాళ్ల విమానాలే ఎక్కువ. నేను మొదటిసారి పారిస్‌లో దిగి టీజీవీలో, అంటే ఇక్కడి హైస్పీడ్ రైల్లో వచ్చాను. ఆ రైలు ప్రయాణం మూడు గంటలే, హాయిగా ఉంటుంది. విమానం దిగిన చోటి నుంచి ఆ రైలు దాకా చేరేసరికే ప్రాణం పోయింది. రెండు 23 కిలోల పెట్టెలు, భూమి లోపల రైలు మారడాలు, ఎక్కడ చూసినా మెట్లు. అందుకే అమ్మకి దగ్గర్లోని పెద్ద ఊరు లియోఁ దాకా టికెట్ తీశాను. అక్కడి ఎయిర్‌పోర్టు నుంచి ఇక్కడికి బస్సులో సుమారు గంట. మా ఖర్మకొద్దీ విమానం ఆలస్యమైంది, ముందే డబ్బు కట్టిన బస్సు వెళ్లిపోయింది, తర్వాతి బస్సుకి మళ్లీ కట్టాను. మీరు మాత్రం టైము మార్చుకునే వీలున్న టికెట్ తీసుకోండి.

బస్సు రైల్వేస్టేషన్ పక్కన దింపింది. స్టేషన్ ముందే ట్రామ్ స్టాప్. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. తెనాలిలో బస్సెక్కాలంటే ఆవిడకి అదో పెద్ద కార్యక్రమం. ఒక చేత్తో కుచ్చిళ్లు పైకి పట్టుకోవాలి, ఇంకో చేత్తో కడ్డీ అందుకోవాలి, దేవుణ్ణి తలుచుకుని మొదటి మెట్టు మీద కాలు వెయ్యాలి. ఇక్కడ ట్రామ్ తలుపులు తెరుచుకోగానే అలవాటుగా కుచ్చిళ్లు పట్టుకుంది, కాలు ఎత్తింది. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే ఆగిపోయింది. స్టాపు, ట్రామ్ నేల ఒకే మట్టంలో ఉన్నాయి మరి.

"మెట్టేదే?" అంది.

"లేదమ్మా, నడిచి వచ్చేయ్."

లోపల కూర్చున్నాక రెండు స్టాపులు మాట్లాడలేదు. తర్వాత, "ఇది ఎవరికి తట్టిందో గానీ వాళ్లమ్మక్కూడా మోకాళ్లు పోయుంటాయి" అంది.

ఆ రాత్రే కూర్చుని వెతికాను. 1983లో ట్రామ్ కావాలా వద్దా అని ఊళ్లో ఓటింగ్ పెడితే, కావాలన్నవాళ్లు సగం కంటే కాస్తే ఎక్కువ. మొదటి లైన్ 1987లో మొదలైంది. చక్రాల కుర్చీలో వాళ్లు కూడా ఎక్కగలగాలని వికలాంగుల సంఘాలు పట్టుబట్టాయట. అందుకే ట్రామ్ నేలని కిందికి దించి కట్టారు. కుర్చీ ఎక్కాల్సి వస్తే తలుపు దగ్గర నుంచి చిన్న పలక బయటికి వచ్చి సందుని కప్పేస్తుంది. నాలుగేళ్లు రోజూ దాని మీదుగా నడిచాను గానీ ఏనాడూ గమనించలేదు. నా మోకాళ్లు బాగున్నాయి కదా.

వారం తిరిగేసరికి అమ్మ ఒక్కతే ట్రామ్‌లో వెళ్లి, రైలు వంతెన కింద జరిగే లెస్తకాద్ సంతలో వంకాయలు కొనుక్కొచ్చింది. ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. తెనాలిలో ఇంటి గేటు దాటాలంటే తోడు కావాలనే మనిషి.

ఇక మే 1. ఊరి మీదున్న బస్తీల్ కోటకి రోప్‌వేలో తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చాను. 1934 నుంచి నడుస్తోంది, ఇప్పుడున్న గాజు బుడగల్లాంటి పెట్టెలు 1976లో వచ్చాయి. మేముండేది ఇల్ వెర్త్ పేటలో, ట్రామ్ లైన్ బి మీద. పొద్దున్నే అమ్మ పట్టుచీర కట్టుకుని తయారు. స్టాపులో ఇరవై నిమిషాలు నిలబడ్డాం. పట్టాల మీద పావురాలు తప్ప ఏమీ రాలేదు. కుక్కని తిప్పుతున్న ఒకాయన మమ్మల్ని చూసి జాలిగా నవ్వి, "మే ఒకటి కదా" అన్నాడు. ఆ రోజు ఊళ్లో ట్రాములు, బస్సులు ఏవీ తిరగవు. అందరికీ సెలవే. అంతకుముందు మూడు మే డేలూ నేను ఇంట్లో పడుకునో, సైకిల్ మీదో గడిపాను కాబట్టి ఆ సంగతే తెలీదు. ట్యాక్సీకి ఫోన్ చేస్తే ముప్పావుగంట పడుతుందన్నారు.

"ఎంత దూరమే?" అంది అమ్మ. కిలోమీటరున్నర అన్నాను. "నడుద్దాం పద" అంది. నాకు టెన్షన్, ఆవిడకి పట్టుదల. ఒక సంగతి మాత్రం మమ్మల్ని కాపాడింది. చుట్టూ షార్త్రూజ్, వెర్కోర్, బెల్‌దాన్ కొండలున్నా ఊరి నేల మాత్రం పళ్లెంలా చదును. ఎక్కుడు, దిగుడు అన్నమాటే లేదు. నాలుగు బెంచీల మీద కూర్చుంటూ నోత్ర్ దామ్ చర్చి ముందుకి చేరేసరికి గంట దాటింది. దారిలో పిల్లలు మ్యుగే పూలు అమ్ముతున్నారు. తెల్లటి చిన్న గంటల్లాంటివి, ఆ రోజు ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అమ్మ వాసన చూసి, మల్లెలంత కాదు గానీ పరవాలేదని జడలో పెట్టుకుంది. రోప్‌వే దాకా వెళ్లే ఓపిక ఇక లేదు. మర్నాడు ట్రామ్‌లో వెళ్లాం. అక్కడ పైన కావలసినన్ని మెట్లున్నాయి, ఆ వైపు పోలేదు.

ఇంతకీ కారు కావాలా? నేను పనిచేసే ల్యాబ్ లైన్ బి చివర, రెండు నదులు కలిసే చోట ఉంది, ఇల్లూ అదే లైన్ మీద. నాకు వద్దు. పక్క ఊళ్లలో కొండ మీద ఇల్లు అద్దెకి తీసుకుంటే, రాత్రి పది దాటాక దిగి వస్తుంటే మీ లెక్క వేరు. ఆదివారాలు ట్రాములు తక్కువ. నెలవారీ అద్దెకి దొరికే పసుపు సైకిళ్లు బాగుంటాయి, నాకూ ఒకటుంది. పట్టాలని మాత్రం అడ్డంగానే దాటండి. మొదటి ఏడాది నేను ఏటవాలుగా దాటబోతే ముందు చక్రం పట్టా సందులో ఇరుక్కుని, లైన్ ఎ మీద, అందరి ముందూ పడ్డాను.

అమ్మ మళ్లీ వస్తానంటోంది. ఈసారి సెప్టెంబరుకి తీస్తున్నాను టికెట్, లియోఁకే.